బర్రె లెక్క చూసుకోమన్న

నన్ను గౌలిపురల ఇప్పటికి గూడ "పెండ మేడం" అనే పిలుస్తరు. రిటైరయి ఏండ్లయింది, ఆఫీసు నన్ను మర్చిపోయింది, కని ఈ పేరు మాత్రం పోలే. పెండ అంటే తెల్వనోళ్లకు చెప్త, వేరే దిక్కు పేడ అంటరు. కూరగాయల బండి కాడ టమాటలు ఏరుకుంట నిలబడితే ఎనుకకెళ్లి ఎవలో ఒకరు "నమస్తే పెండ మేడం!" అని గట్టిగ ఒర్రుతరు. పక్కనున్నోళ్లు నన్ను మీదికెళ్లి కిందిదాక చూసి ఒకడుగు జరుగుతరు. మా ఆయన మొదట్ల సిగ్గుపడె. ఇప్పుడు పెండ్లిళ్లల్ల ఆయనే నన్ను గట్ల పరిచయం చేసి నవ్వుతుండు.

నేను చేసిన ఉద్యోగం ఏందంటే, కరెంటు, గ్యాసు ఎట్ల ఆదా చేయాలె, పారేసే చెత్తను ఎట్ల పనికి తెచ్చుకోవాలె, గీ ముచ్చట్లు జనానికి చెప్పుడు. చిన్న ఆఫీసు, నేను ఫీల్డు సూపర్‌వైజర్‌ని. చెప్పుడొక్కటే గాదు, సామాన్లు గూడ పంచుదుము. ఎండతోని అన్నం వండే పెట్టెలు పంచినం. మళ్ల పోయి చూస్తే ఒకామె దాంట్ల ఉల్లిగడ్డలు పోసి పెట్టింది, ఇంకొకామె పిల్లల పాత పుస్తకాలు పెట్టింది. "మంచి పెట్టె మేడం, ఎలుకలు పోతలేవు" అని మెచ్చుకున్నరు. ఏమంటం? నవ్వుకుంట వచ్చినం.

కొత్తగ ఈ పనిలకొచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి అడుగుతరు, "మేడం, జనానికి ఎట్ల చెప్తే ఎక్కుతది?" అని. పిల్లలూ, దానికి జవాబు నాకూ తెల్వది. ఒక ఇంటి ముచ్చట మాత్రం తెలుసు. అది చెప్త, దాంట్ల మీకు ఏం దొరికితే అది తీస్కోండ్రి.

అప్పుడు మా ఆఫీసుకు పెండ గ్యాసు డ్రమ్ముల పథకం వచ్చింది. కింద ఒక పెద్ద తొట్టి, దాని మీద బోర్లించిన డ్రమ్ము. పొద్దుగాల పెండ, నీళ్లు సమానంగ కలిపి పోస్తే లోపల మురిగి గ్యాసవుతది. గ్యాసు నిండితే మీది డ్రమ్ము లేస్తది, పొయ్యి మీద వాడుకుంటే కిందికి దిగుతది. గింతే కథ. కని పట్నంల పెండ ఏడుంటది? మా సారు మ్యాపు ముందటేసుకొని మస్తు సేపు ఆలోచించి, "మీది శాలిబండ గద మేడం, పక్కనే గౌలిపుర. మీరే పోండి" అన్నడు. నేను పుట్టింది, పెరిగింది, పెండ్లయి ఉన్నది గూడ శాలిబండనే. గౌలిపుర పాలోళ్ల ఇండ్లు నాకు చిన్నప్పటిసంది ఎర్కే.

నేను పోయేసరికి అక్కడ ఒక ఇంట్ల ఏడ్పు మొఖాలున్నయి. ఆ ఇంటికి పెద్ద ఒక అవ్వ. చెవులకు పెద్ద గంటీలు, నడుముకు కొంగు, నోరు ఊకుండది. కొడుకు, కోడలు, ఇద్దరు మనుమరాండ్లు, ఎనుక కొట్టంల ఐదారు బర్రెలు. ఆ గల్లీకంత పాలు వాళ్లవే. మున్సిపల్ ఆఫీసు నుంచి వాళ్లకు నోటీసొచ్చింది. పెండ నీళ్లు కాలువల పడుతున్నయి, దానికి పక్కా బందోబస్తు చూపెట్టుండ్రి, లేకుంటే బర్రెలను ఊరి బయటికి తోలుకపోండ్రి అని. ఊరి బయట వాళ్లకు జాగ లేదు. బర్రెలు పోతే అమ్ముకునుడే.

అవ్వ నన్ను చూడంగనే నడుం మీద చెయ్యి పెట్టింది.

"నువ్వు గూడ బర్రెలు తోలనీకె వచ్చినవా?"

"లే అవ్వా. ఉంచనీకె వచ్చిన."

"అట్లయితే కూసో. చాయ తాగుతవా?"

నేను బొమ్మల పుస్తకం తీసి, లోపల సూక్ష్మజీవులుంటయి, అవి గ్యాసు చేస్తయి అని మొదలుపెట్టిన. అవ్వకు కోపమొచ్చింది. "పురుగులా? మా పెండల పురుగులు లేవు. నువ్వు ఏ ఇంటి పెండ చూసొచ్చినవో!" అన్నది. కొడుకు తల పట్టుకున్నడు. నేను పుస్తకం మూసి సంచిల పెట్టిన.

"అవ్వా, ఇది గూడ ఒక బర్రె అనుకో. బర్రె లెక్కనే చూసుకోవాలె. పొద్దుగాల మేత పెట్టాలె, పూట తప్పొద్దు. నీళ్లు సరిపోను ఉండాలె. దీనికి గూడ కడుపుంటది. కడుపు మంచిగుంటే గ్యాసిస్తది, లేకుంటే ఇయ్యది."

అవ్వ మొఖం వెలిగింది. "గట్ల చెప్పు మరి! ఇందాకట్నుంచి పురుగులు, గిరుగులు అంటవేంది!"

ఆ మాట చెప్పినందుకు ఆ పూట నేను మస్తు ఖుషీ అయిన. ఆఫీసుకు పోయి మా సారుకు గూడ చెప్పిన. అది ఎంతదాక పోతదో నాకు అప్పుడు తెల్వది.

డ్రమ్ము తెచ్చిన రోజు గల్లీల బారాత్ లెక్కనే అయింది. మా ఫిట్టర్ భాయ్, నేను, ఇంకో నలుగురు మోసుకొస్తున్నం. ఫిట్టర్ భాయ్‌ది గూడ శాలిబండనే. చేతిల మస్తు పనితనం, కని బర్రెలంటే పానం పోతది ఆయనకు. కొట్టంల బర్రె తల తిప్పితే చాలు, "మేడం, వో మేరేకూచ్ దేఖ్‌రీ, నన్నే చూస్తుంది" అని నా ఎనుక దాక్కుంటడు. ఆరడుగుల మనిషి. డ్రమ్ము సక్కగ వచ్చి, అవ్వ ఇంటి ఎదురుంగ సేటు ఇంటి మెట్ల కాడ ఇరుక్కున్నది. ముందుకు పోదు, ఎనకకు రాదు.

ఈ సేటు ముచ్చట చెప్పాలె. ఉస్మాన్‌గంజ్‌ల పప్పుల హోల్‌సేల్ దుకాణం ఆయనది. మూడు తరాలకెళ్లి అదే గల్లీల ఉంటున్నరు. తెల్ల బట్టలు తప్ప వేరేవి తొడుగడు. ఒక వానకాలం అవ్వ వాళ్ల పెండ నీళ్లల్ల జారి, మెట్ల మీద గూలపడ్డడు. లేచి, బట్టలు గూడ మార్చుకోకుంట పోయి ఫిర్యాదు రాసిచ్చి వచ్చిండంట. నోటీసు గట్ల వచ్చింది. అప్పట్నుంచి అవ్వకు, సేటుకు మాటల్లేవు. కని పాలు మాత్రం బంద్ కాలే. పొద్దుగాల కోడలు పోయి సేటమ్మ గిన్నెల పోసి వస్తుండె. గల్లీ లొల్లి గల్లీదే, చాయ చాయే.

సేటు బయటికొచ్చి డ్రమ్మును చూసి, "ఇదేంది మళ్ల? ఇది గూడ కంపు కొడ్తదా?" అన్నడు.

"కంపు పోనీకె తెచ్చినం సేటూ" అన్న నేను.

నా మొఖం చూసిండు, డ్రమ్ము చూసిండు, ధోతి అంచు పైకి చెక్కుకొని, "అట్ల గాదు, పక్కకు వంచుండ్రి" అని తనే ఒక చెయ్యి వేసిండు. డ్రమ్ము పోయింది. ఆయన చెయ్యి చూసుకొని లోపలికి పోయి తలుపేసుకున్నడు.

కొత్త డ్రమ్ముల మొదటి గ్యాసు మండది, ఇడిచెయ్యాలె. అది ఇడిచినంక ఒక పొద్దుగాల పొయ్యి అంటుకున్నది. సన్నగ, నీలంగ, నిమ్మళంగ మండే మంట. కోడలు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. అవ్వ ఆగుతదా? కొత్త పొయ్యి గద, పాలు పొంగియ్యాలె అని పెద్ద గిన్నెతోని చిక్కటి పాలు పెట్టింది. పాలోళ్ల ఇల్లు, పాలకేం తక్కువ! ఇట్ల పొంగి అట్ల పొయ్యి మొత్తం నిండినయి. మంట ఆరింది, బొక్కలన్నీ పూడుకపోయినయి. అందరు "శుభం, శుభం" అన్నరు. ఫిట్టర్ భాయ్ సూది అడిగి తీస్కొని, కూసొని ఒక్కొక్క బొక్క తీసిండు. "మేడం, పుస్తకంల ఇది రాయలేదు" అన్నడు.

ఆ తర్వాత మంచి రోజులే. అవ్వ డ్రమ్ముకు పసుపు రాసి బొట్టు పెట్టింది, నల్లతాడు కట్టింది. తెల్లారి లేస్తే ముందు దానికి మేత, తర్వాతనే బర్రెలకు. పెండ ఒక్క ముద్ద కాలువల పడనియ్యలే. డ్రమ్ముల నుంచి వచ్చే బురదను మొక్కలకు ఎరువుకని ఒక నర్సరీ ఆయన డబ్బాలల్ల పట్టుకపోతుండె. వాళ్ల గ్యాసు బండ మూలకు పడి ఉండె. వేరే ఇండ్లల్ల మేము పెట్టిన డ్రమ్ములు నెల తిరగకముందే ఎండిపోయినయి, ఎందుకంటే ఒకరోజు పోస్తరు, రెండు రోజులు మర్చిపోతరు. అవ్వ మర్చిపోతదా? బర్రెకు మేత ఎవలన్న మర్చిపోతరా? మా సారు అందరిని తీస్కొచ్చి అవ్వ డ్రమ్మునే చూపెడుతుండె.

మున్సిపల్ సారు చూడనీకె వస్తడన్న కబురొచ్చింది. డ్రమ్ము పనిచేస్తున్నట్టు చూస్తే నోటీసు రద్దు. పొయ్యి మండితే చాలు, బర్రెలు ఉంటయి. నాకు ఫికరే లేకుండె.

సరిగ్గ అప్పుడే కోడలు ఫోన్ చేసింది. "మేడం, గ్యాసొస్తలేదు. డ్రమ్ము కిందనే పండుకున్నది."

ఫిట్టర్ భాయ్‌ని తీస్కొని ఉరికిన. పైపులకు సబ్బు నురగ రాసి చూసినం, ఎక్కడ బుడగ లేదు. పైపుల నీళ్లు చేరినయేమో అని దులిపినం, లేవు. చలికాలం గద, జర తగ్గుతది, కని మొత్తం బంద్ గాదు. కొడుకేమో పెండ్లం మీద అరిసిండు, పెండ్లమేమో మొగని మీద అరిసింది. నేను ఇద్దరి మీద అరిసిన. అవ్వ మాత్రం తొట్టి పక్కన కూసొని డ్రమ్మును నిమురుకుంట, "నీరసమున్నట్టుంది, మొన్ననే కడుపు తగ్గింది గద" అన్నది.

నేను వినలే. ఫిట్టర్ భాయ్ విన్నడు. పెండ పోసే గొట్టం కాడ వంగి ముక్కు పెట్టి గట్టిగ వాసన చూసిండు.

"మేడం, ఇందులకెళ్లి అచార్ వాసనొస్తుంది."

"పొద్దుగాల ఏం తిన్నవ్ భాయ్?"

"కసమ్‌సే మేడం, ఒట్టు. ఇంగువ, ఎల్లిగడ్డ… ఇంకా పెయింటోళ్ల వాసన గూడ."

అందరం అవ్వ దిక్కు తిరిగినం. అవ్వ ఏమాత్రం దాచలే. దాచే ముచ్చటని ఆమెకు అనిపియ్యనే లేదు. కొడుకు, కోడలు, పిల్లలు కొమురెల్లి మల్లన్న జాతరకు పోయిండ్రంట. బర్రెల కోసం అవ్వ ఒక్కతే ఇంట్ల ఉన్నది. ఒక్కదానికి వంటెందుకని సద్దిరొట్టె, సల్లతోని గడిపింది. పొయ్యి అంటియ్యకపోతే గ్యాసు ఏం చేస్తది? నిండింది. డ్రమ్ము మీదికి మీదికి లేచి, అంచుల కాడ బుడబుడమన్నది. అవ్వ పోయి అరచేత్తోని కొట్టి చూసిందంట, డప్పు లెక్క మోగిందంట.

"పొట్టుబ్బింది మేడం. పచ్చగడ్డి ఎక్కువ తిన్న బర్రెకు గిట్లనే ఉబ్బుతది. నాకు గుండెలు జారినయి."

"మరి నాకు ఫోన్ చెయ్యొద్దా అవ్వా?"

"పొట్టుబ్బిన బర్రె ఎంతసేపు బతుకుతది? నువ్వు ఆఫీసు నుంచి బస్సెక్కి వచ్చేవరకు పానం ఉంటదా? అందుకే నేనే మందు తాపిన. నూనెల టర్పెంటైను, ఇంగువ, ఓమ, నల్ల ఉప్పు, ఎల్లిగడ్డ. మా అత్త చెప్పిన మందు. ఏ బర్రెకు గూడ ఇది తప్పలే."

"ఎంత తాపినవ్?"

"ఇది మా బర్రెలన్నింటికంటే పెద్దది గద? బిందెడు తాపిన."

ఫిట్టర్ భాయ్ గోడ దిక్కు తిరిగి భుజాలు కదిలించుకుంట నవ్విండు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. బర్రె పొట్టల గ్యాసు పోగొట్టే మందును గ్యాసు చేసే డ్రమ్ముకు తాపింది. లోపల గ్యాసు చేసే పురుగులన్ని చచ్చినయి. అయినా ఆమెను ఏమనాలె? బర్రె లెక్క చూసుకోమన్నది నేనే. ఆమె చూసుకున్నది. నా కంటే బాగ చూసుకున్నది.

అంత తీసేసి మళ్ల మొదట్నుంచి పెట్టాలె. ఈ చలిల వారాలు పడతది. మున్సిపల్ సారు వచ్చేది రెండు రోజులల్ల. మా సారుకు చెప్తే ఆయన కుర్చీల వెనక్కి ఒరిగి, "మంట చూపెట్టకుంటే ఎట్ల మేడం? మన పథకానికే మచ్చ" అన్నడు. నాకు పథకం మీద అంత ఫికర్ లేకుండె. ఆ పొద్దు వాళ్లింటి నుంచి వచ్చేటప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకొని, "మేడం, బర్రెలు పోతయా?" అని అడిగింది. గంత నోరున్న మనిషి గంత చిన్నగ అడుగుడు నేను ఎన్నడు ఇనలే. మున్సిపల్ సారు వచ్చినంక ఉన్నదున్నట్టు చెప్పి, టైమడుగుదమని అనుకొని పోయిన.

ఆ రోజు గల్లీల అందరు బయటనే ఉన్నరు. మున్సిపల్ సారు ముక్కుకు చేతిరుమాలు పెట్టుకొని వచ్చిండు. ఎనుక ఇద్దరు మనుషులు. ఫిర్యాదు చేసింది ఆయనే గాబట్టి సేటును గూడ పిలిపిచ్చిండ్రు. నేను నోరు తెరిచేలోపల కొడుకు ముందుకొచ్చి, "రాండ్రి సారూ, పొయ్యి చూడుండ్రి" అని లోపలికి తీస్కపోయిండు. అగ్గిపుల్ల గీకి పెట్టిండు. మంట సుర్రుమని లేచింది.

మున్సిపల్ సారు తల ఊపిండు. నాకేమో అక్కడ్నే అనుమానమొచ్చింది. పెండ గ్యాసు మంట గట్ల ఉరకది. అది బండ గ్యాసు మంట. నేను ఫిట్టర్ భాయ్ దిక్కు చూసిన. ఆయన ఆకాశం దిక్కు చూస్తున్నడు. నాకు చెప్పకుంట ఆయన, కొడుకు ఇద్దరు కలిసి చేసిన పని అది.

నేను ఏమనాల్నో ఆలోచిస్తుండంగనే, కొట్టంలకెళ్లి పాల బకెట్‌తోని అవ్వ వచ్చింది. మండుతున్న పొయ్యిని చూసి బకెట్ కింద పెట్టింది.

"లేచినవా నా తల్లీ!"

ఆమె సంబురం చూడాలె మీరు. కొంగుతోని కండ్లు తుడుసుకుంట డ్రమ్ము కాడికి ఉరికింది. అరచేత్తోని ఒక్కటి కొట్టింది. డ్రమ్ము కిందనే ఉన్నది, సప్పుడు లేదు. మళ్ల కొట్టింది. మా దిక్కు తిరిగింది.

"ఇది ఇంక పండుకొనే ఉన్నది గద! మరి పొయ్యి ఎట్ల మండుతుంది?"

మున్సిపల్ సారు కండ్లు పొయ్యి కాడి నుంచి పైపు పట్టుకొని నడిచినయి. పైపు కిటికీలకెళ్లి పోయి ఒక దుప్పటి కిందికి దూరింది. ఆయన మనిషి ఒకడు పోయి దుప్పటి లేపిండు. కింద ఎర్ర బండ.

"ఏంది మేడం ఇది?" అన్నడు సారు. రుమాలు తీసేసిండు, మొఖం మారింది.

"తప్పయింది సారూ, మేడంకు తెల్వది, నాదే" అని కొడుకు చేతులు జోడించిండు. అవ్వకు అప్పుడు సమజయింది. కొడుకు వీపు మీద ఒక్కటి సరిచింది.

"ఎందుకురా ఈ దొంగ పని?"

"బర్రెలు తోలుకపోతరమ్మా."

అవ్వ కొంగు సదురుకొని, సారు ముందటికి పోయి నిలబడ్డది.

"సారూ, దీనికి పానం బాగలేదు. నేనే తెల్వక తప్పు మందు తాపిన. వీడేమో నా ఏడ్పు చూడలేక గిట్ల చేసిండు. ఒక్క మాట చెప్పు బిడ్డా. మీ ఇంట్ల ఎవలికన్న పానం బాగలేకుంటే దవఖానకు తీస్కపోతవా, ఇల్లు ఖాళీ చేపిస్తవా?"

సారు డ్రమ్ము దిక్కు చూసి, "ఏం మందు తాపినవ్?" అని అడిగిండు. అవ్వ మొదట్నుంచి చెప్పింది, ఇంగువ, ఓమ, ఎల్లిగడ్డ, టర్పెంటైను, ఒక్కటి ఇడువలే. బిందెడు అనంగనే సారు మళ్ల రుమాలు తీసి మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. ఈసారి వాసనకు గాదు.

"బిందెడా?"

"దాని కడుపు ఎంతున్నదో చూసినవా సారూ?"

ఇగ ఆయనతోని గాలే. గోడకు ఆనుకొని నవ్విండు. ఆయన మనుషులు నవ్విండ్రు. తలుపు కాడున్న గల్లీ మొత్తం నవ్వింది. అవ్వకు మాత్రం ఎందుకు నవ్వుతున్నరో అర్థం కాక, "పానం బాగలేదంటే నవ్వుతరేంది?" అని తిట్టింది.

నవ్వు తగ్గినంక సారు కండ్లు తుడుసుకొని సేటును పిలిచిండు. "ఫిర్యాదు మీదే గద. మీరు చెప్పుండ్రి. బర్రెలు పోవాల్నా?"

సేటు గొంతు సవరించుకున్నడు. అవ్వ దిక్కు చూడలే, కాలువ దిక్కు చూసిండు.

"బర్రెలు పోవాలె అని నేను రాయలే సారూ. పెండ పోవాలె అని రాసిన. ఆ డబ్బా వచ్చినప్పట్నుంచి కాలువ సాఫ్‌గనే ఉన్నది, అబద్ధం ఎందుకు చెప్పాలె? డబ్బా పడుకున్నా గూడ, ఈమె ఒక్క ముద్ద బయటికి ఇడువలే." మళ్ల జర ఆగి, "ప్యాకెట్ పాల చాయ నాకు పడది" అన్నడు.

మున్సిపల్ సారు శివరాత్రి అయినంక మళ్ల వస్తనన్నడు. "బండ గిండ కనపడితే మాత్రం బర్రెలతోటి మీ అందరినీ తోలుకపోత" అని ఫిట్టర్ భాయ్ దిక్కు చూసి మరీ చెప్పిండు. ఎందుకో నా మీద ఆఫీసుకు ఏం రాయలే.

తొట్టి ఖాళీ చేపిచ్చినం. అంత నర్సరీ ఆయన తీస్కపోయి దూరంగ గుంట తవ్వి పోసిండు. కొత్త పెండ పోసి, దాంట్ల ఊరి బయట మంచిగ పనిచేస్తున్న ఇంకో డ్రమ్ము బురద తెచ్చి కలపాలె. ఎందుకు కలపాలె అని అవ్వ అడిగింది. ఈసారి నేను బర్రె జోలికే పోలే.

"తోడు అవ్వా. పాలకు తోడేస్తం గద, గట్ల."

అవ్వ నన్ను గుర్రుగ చూసింది. "ఈ మాట మొదలే చెప్తే ఏం పోయేది నీకు? పెరుగు తోడేసేది నాకు తెల్వదా?"

నిజమే. పాలోళ్ల ఇంటికి పోయి నేను బర్రె ముచ్చట చెప్పిన గని పెరుగు ముచ్చట చెప్పలే. తోడు అన్నంక ఆమెకు ఇంకేం చెప్పే పనే పడలే. చలికి పెరుగు తోడుకోది గద, గిన్నెకు గుడ్డ చుడతం గద అని ఆమెనే తొట్టి చుట్టూ కప్పనీకె సంచులు వెతికింది. ఇంట్ల ఉన్నవి సరిపోలే. పొద్దుమీకి చూస్తే సేటు దుకాణం ఆటో వచ్చి వాకిట్ల ఖాళీ గోనెసంచుల కట్ట పడేసి పోయింది. ఎవరు అడగలే, ఆయన గూడ ఏం చెప్పలే. అవ్వ ఆ సంచులు డ్రమ్ముకు, తొట్టికి శాలువా లెక్క చుట్టింది. పప్పుల వాసన కొట్టుకుంట డ్రమ్ము వెచ్చగ కూసున్నది.

నేను పోయినప్పుడల్ల సంచి లేపి చూడబోతుంటి. అవ్వ చేతి మీద కొడుతుండె. "తోడుకునేటప్పుడు మూత తీస్తరా ఎవలన్న? పో, పోయి చాయ తాగు" అని. అట్ల నా డ్రమ్ము కాడికి నన్నే రానియ్యలే ఆమె.

పిల్లలూ, మీ బుక్కులు, మీ ఫోన్ల వీడియోలు మంచిగనే ఉంటయి. కని మీరు ఒక మాట చెప్పి బస్సెక్కి వస్తరు. ఆ మాట అక్కడ్నే ఉంటది, దాంతోని వాళ్లు సంసారం చేస్తరు. మీరు అనుకున్న కాడ అది ఆగది. అందుకే చెప్పినంక మళ్ల పోండ్రి, ఊకనే పోండ్రి, చాయకే పోండ్రి. నేను తర్వాత పెట్టిన డ్రమ్ములన్నింటి కాడ బర్రె ముచ్చట చెప్పిన, ఎందుకంటే అది చెప్పిన ఇండ్లల్లనే డ్రమ్ములు బతికినయి. ఒక్కటి మాత్రం కలిపిన: "ఇది ఉబ్బితే మందు తాపకుండ్రి. చుట్టాలను పిలిచి వంట చెయ్యుండ్రి." ఫిట్టర్ భాయ్ ప్రతిసారి పక్కనుంచి "ఇంగువ మాత్రం నక్కో, వద్దే వద్దు" అని అంటుండె.

శివరాత్రికి ముందే డ్రమ్ము లేచింది. శివరాత్రి అయినంక మున్సిపల్ సారు వచ్చిండు. ఈసారి పొయ్యి కాడికి గాదు, సీదా డ్రమ్ము కాడికి పోయి అరచేత్తోని కొట్టి చూసిండు. మంట చూసిండు, కిటికీ ఎనుక చూసిండు, నవ్వుకుంట నోటీసు రద్దు చేస్తున్నట్టు రాసిచ్చిండు. కోడలు కూసొని ఏడ్సింది. కొడుకు, ఫిట్టర్ భాయ్ ఒకరినొకరు గట్టిగ పట్టుకున్నరు. ఎనుక బర్రె ముక్కు చాపినా ఫిట్టర్ భాయ్ కదల్లే. నాకు గూడ కండ్లు నిండినయి, ఎందుకు దాచాలె.

ఆ పొయ్యి మీదనే చాయ పెట్టిండ్రు. కొడుకు మొదటి గిలాస సారుకు అందియ్యబోయిండు. అవ్వ మధ్యలనే గుంజుకున్నది. గిలాస కొంగుతోని పట్టుకొని, వాకిలి దాటి, గల్లీ దాటి, సేటు మెట్ల ముందు పోయి నిలబడ్డది. నోటీసొచ్చినప్పట్నుంచి ఆ మెట్ల కాడికి పోలే ఆమె. సేటు ఉస్మాన్‌గంజ్ పోనీకె తయారై, తెల్ల బట్టలతోని చెప్పులు తొడుక్కుంటున్నడు.

"ఇగో, తాగు" అన్నది అవ్వ. "నువ్వు లొల్లి చేయకపోతే ఈ బర్రె మా ఇంటికి వచ్చేదే గాదు."

సేటు గిలాస తీస్కున్నడు. మెట్ల మీదనే నిలబడి నిమ్మళంగ తాగిండు. గల్లీ అంత చూస్తున్నది. ఖాళీ గిలాస ఆమె చేతిల పెట్టిండు.

"చక్కెర తక్కువైంది అవ్వా."

"రేపు ఎక్కువేస్త తియ్" అన్నది అవ్వ. "యాడికి పోతున్న, ఈడనే ఉంట గద."